గోదావరి డెల్టా నుంచి ఏ ఘాటీ ఎక్కాలి? రోడ్డు సైకిలు తొక్కేవారికి పోలిక, ఎంపిక సలహా

ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన పుట్టి పెరిగిన సైకిలిస్టుకు ఎక్కుడు అంటే వంతెన, లేదా ఏటిగట్టు మీదికి వెళ్లే ర్యాంపు. రావులపాలెం నుంచి అమలాపురం మీదుగా సముద్రం దాకా ఎంత దూరం తొక్కినా, గేరు మార్చవలసిన అవసరం గాలి వల్ల వస్తుందే తప్ప నేల వల్ల రాదు. అయితే రాజమహేంద్రవరానికి ఉత్తరాన గోకవరం దాటగానే తూర్పు కనుమల పాదాలు మొదలవుతాయి. తుని నుంచి పడమరకు తిరిగితే వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లకు తారు రోడ్డు ఉంది. డెల్టాలో వంద కిలోమీటర్లు సునాయాసంగా తొక్కగలిగినవారు ఘాటీ ఎక్కాలనుకున్నప్పుడు మారేడుమిల్లా, లంబసింగా, అరకా అన్న దగ్గర ఆగిపోతుంటారు. ఈ వ్యాసం వారి కోసం.

ముందుగా నా అభిప్రాయం చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. డెల్టావాసి ఘాటీని ఎత్తు చూసి కాక, కొండ అడుగుకు ఎలా చేరతాడు, దిగాక ఇంటికి ఎలా వస్తాడు అన్నది చూసి ఎంచుకోవాలి. కొండల ఊళ్లలో ఉన్నవారికి ఎక్కుడు గుమ్మంలోనే ఉంటుంది. మనకు అది అరవై, నూరు, నూట ముప్పై కిలోమీటర్ల అవతల ఉంది. కాళ్లలో ఉన్న సత్తువను ఆ చదును మీదే ఖర్చు చేసి, ఎండ ఎక్కాక ఎక్కుడు మొదలుపెడితే, ఎంత మంచి ఘాటీ అయినా శిక్షగానే మిగులుతుంది.

దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది, పైన చెప్పిన చేరిక, తిరుగు ప్రయాణం. ఇందులో చాలామంది లెక్కలోకి తీసుకోనిది గాలి. మధ్యాహ్నం తర్వాత సముద్రం నుంచి లోపలికి గాలి వీస్తుంది. కొండ దిగి తీరం వైపు వచ్చేవారికి అది సరిగ్గా ఎదురుగాలి. పొద్దున ఎక్కుడు, సాయంత్రం ఎదురుగాలి అన్న క్రమం అలసిన శరీరానికి ఎంత మాత్రం అనుకూలం కాదు.

రెండవది, ఎక్కుడు తీరు. ఏకబిగిన పది పదిహేను కిలోమీటర్లు పైకి సాగే దారి వేరు, ఎక్కుతూ దిగుతూ సాగే దారి వేరు. మొదటిదానిలో ఒక లయ దొరుకుతుంది, రెండవదానిలో దొరకదు. మొత్తం ఎక్కిన ఎత్తు సమానమైనా రెండవదే ఎక్కువ అలసట కలిగిస్తుందని నా అనుభవం.

మూడవది రోడ్డు స్థితి, వాహనాల రద్దీ. నాలుగవది, దారిలో నీళ్లు, తిండి, ఫోను సిగ్నలు, రాత్రి బస. అయిదవది రుతువు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఘాటీలలో కొండచరియలు విరిగిపడటం, మలుపుల్లో మట్టి, తడి ఆకులు పేరుకోవటం మామూలు. వేసవిలో అడుగు భాగం పెనంలా కాలుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే ఈ దారులన్నీ సైకిలుకు అనువుగా ఉంటాయని చెప్పవచ్చు.

వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది మీ సైకిలు గేర్ల సంగతి.

గేర్ల లెక్క

చదునులో ఇరవై అయిదు కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారు గాలితో పోరాడుతున్నారు. అక్కడ శరీరం బరువు, సైకిలు బరువు అంతగా పట్టించుకోవలసినవి కావు. ఎక్కుడులో గాలి పాత్ర దాదాపు పోయి, బరువే అంతా అవుతుంది. కాబట్టి ఏటిగట్టు మీద మీకంటే వెనుకబడిన సన్నని మిత్రుడు ఘాటీలో ముందుకు వెళ్లిపోతే ఆశ్చర్యపోనవసరం లేదు. ఇంకొక తేడా కూడా ఉంది. చదునులో పెడల్ ఆపినా సైకిలు కొంత దూరం సాగుతుంది, ఆ లోపు ఊపిరి తీసుకోవచ్చు. ఏడు శాతం వాలులో, అంటే వంద మీటర్లకు ఏడు మీటర్లు పైకి లేచే దారిలో, పెడల్ ఆపితే రెండు మూడు సెకన్లలో సైకిలు నిలిచిపోతుంది. డెల్టాలో ఎంత సాధన చేసినా ఈ ఒక్క అలవాటు రాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మనిషి, సైకిలు, నీళ్ల సీసాలు కలిపి 85 కిలోలు, వాలు ఏడు శాతం అనుకుంటే, ముందు పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి 39 పళ్లు, వెనుక చక్రం దగ్గరి దానికి 25 పళ్లు ఉన్న పాత రోడ్డు సైకిలు ఒక పెడల్ చుట్టుకు సుమారు 3.3 మీటర్లు సాగుతుంది. నిమిషానికి 60 చుట్లు నిలబెట్టాలంటే గంటకు దాదాపు 12 కిలోమీటర్ల వేగం, అంటే రెండు వందల వాట్లకు పైగా శక్తి, అదీ గంటకు పైగా పెట్టాలి. అది మామూలు సైకిలిస్టుకు సాధ్యం కాదు. ముందు 34, వెనుక 28 ఉంటే అదే 60 చుట్లకు వేగం 9 కిలోమీటర్లకు, శక్తి 160 వాట్లకు తగ్గుతుంది. 34కు 34 ఉంటే 7.5 కిలోమీటర్లు, 130 వాట్లు. ఇది క్రమంగా సాధన చేసే చాలామందికి అందే లెక్క.

దీని నుంచి తేలే విషయం కొందరికి రుచించకపోవచ్చు. ముందు మూడు చైన్‌రింగులు (పెడళ్ల దగ్గరి పళ్లచక్రాలు) ఉన్న సాధారణ హైబ్రిడ్ సైకిలులో చిన్నది 28 పళ్లు, వెనుక పెద్దది కూడా 28 ఉండటం మామూలే. అంటే ఖరీదైన పాత రోడ్డు సైకిలుకు లేని చిన్న గేరు దానికి ఉంది. కాబట్టి ఘాటీ కోసం కొత్త సైకిలు కొనే ముందు వెనుక క్యాసెట్ (పళ్లచక్రాల కట్ట) మార్చటం సాధ్యమా అని మెకానిక్‌ను అడగండి. మార్చేటప్పుడు డిరైలర్ (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకొకదానికి మార్చే భాగం) అంత పెద్ద పళ్లచక్రాన్ని మోయగలదా, చైను పొడవు సరిపోతుందా అన్నవి తప్పక చూడాలి.

అయిదు దారులు ఒక్క చూపులో

| దారి | ఎక్కుడు తీరు | డెల్టా నుంచి చేరిక | బస | ఎవరికి |
|---|---|---|---|---|
| అన్నవరం రత్నగిరి | చాలా చిన్నది, పదే పదే ఎక్కవచ్చు | రైలు, హైవే. ఒక పూట పని | అవసరం లేదు | సాధనకు |
| రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు | ముందు మెల్లగా, తర్వాత ఎక్కుతూ దిగుతూ | రాజమహేంద్రవరం నుంచి నేరుగా తొక్కవచ్చు | మారేడుమిల్లి | దూరం తొక్కేవారికి |
| నర్సీపట్నం, లంబసింగి | ఏకబిగిన పైకి | తుని దాకా రైలు లేదా బస్సు | లంబసింగి, చింతపల్లి | మొదటి అసలైన ఘాటీకి |
| శృంగవరపుకోట, అనంతగిరి, అరకు | పొడవైనది, కొన్ని విరామాలతో | విశాఖపట్నం మీదుగా | అరకు | రెండు మూడు రోజులు ఉన్నవారికి |
| చోడవరం, మాడుగుల, పాడేరు | ఇరుకు, నిలువు మలుపులు | దూరం | పాడేరు | అనుభవం ఉన్నవారికి |

అన్నవరం: ఘాటీ కాదు, కానీ దాటవేయవద్దు

సత్యనారాయణస్వామి కొలువైన రత్నగిరి ఎత్తు మూడు వందల అడుగులు మాత్రమే. వాహనాలు వెళ్లే ఘాట్ రోడ్డు కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అయినా వాలు మీద పెడల్ లయ, కూర్చుని ఎక్కటం, నిలబడి ఎక్కటం, మలుపులో బ్రేకు వేసే తీరు నేర్చుకోవటానికి డెల్టాకు ఇంత దగ్గరలో ఇంకొక చోటు లేదు. తెల్లవారుజామున వెళ్లి నాలుగైదు సార్లు ఎక్కి దిగితే, పైన చెప్పిన లెక్కల్లో మీరు ఎక్కడ ఉన్నారో కాళ్లే చెబుతాయి. కార్తీక మాసంలో, ఏకాదశి, పౌర్ణమి రోజుల్లో, పెళ్లి ముహూర్తాల వేళ ఆ ఆలోచన పెట్టుకోవద్దు. అది యాత్రికుల దారి, సాధన మైదానం కాదు.

మారేడుమిల్లి: మన గుమ్మం నుంచి మొదలయ్యే దారి

రాజమహేంద్రవరం నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. రైలు, బస్సు అక్కరలేకుండా ఇంటి నుంచి తొక్కుకుంటూ వెళ్లగలగటం ఈ దారికి ఉన్న అతి పెద్ద బలం. కాకినాడ వైపువారు పెద్దాపురం, జగ్గంపేట మీదుగా గోకవరంలో కలుస్తారు. గోకవరం దాకా పొలాలు, జీడిమామిడి తోటలు. ఆ తర్వాత అడవి. రంపచోడవరం దాకా వాలు పెద్దగా బాధించదు. అక్కడి నుంచి మారేడుమిల్లికి నేల మెల్లగా పైకి లేస్తుంది, చిన్న చిన్న ఎక్కుళ్లు తగులుతుంటాయి.

చాలామంది మారేడుమిల్లి చేరగానే ఘాటీ ఎక్కేశామనుకుంటారు. అసలు ఘాటీ అక్కడి నుంచి చింతూరు వైపు మొదలవుతుంది. జలతరంగిణి, అమృతధార జలపాతాల మీదుగా, వెదురు పొదల మధ్య వరుస మలుపులతో సాగే ఆ నలభై అయిదు కిలోమీటర్ల దారి ఎక్కుతూ దిగుతూ వెళ్లి, చివరికి శబరి లోయలో ఉన్న చింతూరుకు దిగుతుంది. అంటే చింతూరు చేరినవారు తిరిగి రావాలంటే దిగినదంతా ఎక్కాలి. ఈ ఒక్క సంగతి గ్రహించకుండా బయలుదేరినవారు చింతూరులో బస్సు కోసం ఎదురుచూడవలసి వస్తుంది. నా సలహా: మొదటిసారి అమృతధార దాకా వెళ్లి వెనక్కి తిరగండి. ఎక్కుడూ దిగుడూ రెండూ రుచి చూసినట్టు అవుతుంది, మారేడుమిల్లిలో పెట్టిన సామాను దగ్గరికే వస్తారు.

రద్దీ విషయంలో జాగ్రత్త అవసరం. భద్రాచలం, ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్లే లారీలు, బస్సులు ఇదే దారిలో వస్తాయి. పెద్ద బస్సు మలుపు తిరిగేటప్పుడు రోడ్డు వెడల్పు మొత్తం దానికే కావాలి. మలుపుకు ముందే తల ఎత్తి పై అంచె రోడ్డు మీద ఏదైనా దిగుతోందా అని చూడటం అలవాటు చేసుకోండి. ఇరుకు చోట దిగే వాహనం ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలన్నది మన రోడ్డు నియమమే అయినా, దాన్ని నమ్ముకుని మలుపులోకి దూరవద్దు. ఘాటీలో చాలా దూరం ఫోను సిగ్నలు ఉండదు, పంచరు దుకాణం ఉండదు. రెండు ట్యూబులు, పంపు, చైను లింకు మీ దగ్గరే ఉండాలి. పొద్దు వాలే లోపు అడవి దాటటం తప్పనిసరి.

మారేడుమిల్లి పేరు చెబితే బొంగు చికెన్ గుర్తుకు రాకుండా ఉండదు. వెదురు గొట్టంలో ఆకు మూతతో నిప్పుల మీద కాల్చి, గొట్టం చీల్చి ఆకు మీద దులిపే ఆ వంటను సాయంత్రం బసకు చేరాక తినండి. ఎక్కుడుకు ముందు తింటే కడుపు ఒప్పుకోదు. దారి మధ్యలో అరటిపండు, పల్లీ చిక్కీ, ఉప్పు కలిపిన నిమ్మరసం చాలు. డెల్టాలో అడుగడుగునా దొరికే కొబ్బరిబొండాలు అడవిలో దొరకవని మాత్రం గుర్తుంచుకోండి.

మారేడుమిల్లి వైపే ఉన్న గుడిస కొండల గురించి ఒక మాట. గడ్డి మైదానాలు అందంగా ఉన్న మాట నిజమే. ఆ దారి సన్నని టైర్లకు పనికిరాదు.

లంబసింగి: మొదటి ఘాటీకి నా ఎంపిక

సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి నర్సీపట్నం నుంచి దూరం ముప్పై కిలోమీటర్లు. అందులో డౌనూరు దాకా దాదాపు చదును, తర్వాత అంతా ఎక్కుడే. మధ్యలో దిగి పోగొట్టుకునే ఎత్తు చాలా తక్కువ. ఇదే ఈ దారి సుగుణం: ఒక గేరు చూసుకుని, ఒక లయ పట్టుకుని, గంటన్నరో రెండు గంటలో అదే పని చేయవచ్చు. ఎంతసేపు పడుతుందో ముందే అంచనా వేసుకోవచ్చు. చిన్న గేరులో గంటకు అయిదు, ఆరు వందల మీటర్ల ఎత్తు ఎక్కటం మంచి సాధనలో ఉన్నవారికి సాధ్యమే; నడుమ ఆగే సమయం దానికి కలుపుకోవాలి.

మలుపుల్లో ఒక చిన్న కిటుకు ఉంది. మనం ఎడమ వైపు నడిచేవాళ్లం కనుక, ఎడమకు తిరిగే మలుపులో లోపలి అంచున ఉంటాం. అక్కడ వాలు ఒక్కసారిగా నిలువవుతుంది. మలుపుకు ముందే ఒక గేరు తగ్గించి ఉంచుకుంటే చైను మీద ఒత్తిడి పడదు. కుడికి తిరిగే మలుపులో వెలుపలి అంచున ఉంటాం, అక్కడ వాలు కాస్త తగ్గుతుంది. నీళ్లు తాగటానికి, భుజాలు సడలించటానికి అదే సమయం.

చేరికకు తుని మంచిది. హౌరా, చెన్నై మార్గంలోని రైళ్లు చాలా వరకు ఆగుతాయి. సైకిలును ముందు రోజే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసుకోవాలి. తుని నుంచి కోటనందూరు మీదుగా నర్సీపట్నం ముప్పై పైచిలుకు కిలోమీటర్లు, కాళ్లు వేడెక్కటానికి సరిపోయినంత. నర్సీపట్నం రోడ్డు అన్న పేరుతో ఒక స్టేషను ఉంది కదా అని అక్కడ దిగేవారు ఉంటారు. అది ఊరికి చాలా దూరం. ముందు రాత్రి నర్సీపట్నంలో పడుకుని తెల్లవారకముందే కదిలితే, డౌనూరు చేరేసరికి వెలుగు వస్తుంది.

ఈ దారికి ఉన్న లోపం జనం. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో చెరువులవేనం దగ్గర మేఘాలను చూడటానికి తెల్లవారుజామునే కార్లు వరుస కడతాయి. మంచులో వాటి మధ్య సైకిలు తొక్కటం ప్రమాదకరం. కుదిరితే వారం మధ్యలో వెళ్లండి. కుదరకపోతే కార్లు పైకి చేరాక, ఏడు గంటల తర్వాత ఎక్కటం మొదలుపెట్టండి. వెనుక ఎర్ర దీపం పగలైనా వెలుగుతూనే ఉండాలి.

ఎక్కేటప్పుడు చలి తెలియదు, దిగేటప్పుడే తెలుస్తుంది. చెమటతో తడిసిన జెర్సీ మీద చల్లగాలి తగిలితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు లివరు లాగలేరు. గాలి ఆపే పలుచని జాకెట్టు, చేతి తొడుగులు తీసుకెళ్లండి. ఏమీ లేకపోతే పైన టీ కొట్టులో పాత దినపత్రిక అడిగి, రెండు మడతలు జెర్సీ లోపల ఛాతీ మీద పెట్టుకోండి; చాలా పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. రిమ్ బ్రేకులు (చక్రం అంచును పట్టి ఆపేవి) ఉన్నవారు దిగుడు పొడవునా బ్రేకు పట్టుకునే ఉండకూడదు. రిమ్ కాలి ట్యూబు పేలే అవకాశం ఉంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలి, మళ్లీ పట్టటం మేలు.

దూరం సరిపోలేదనుకునేవారికి ఇంకొక అవకాశం ఉంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు మీదుగా చింతపల్లి చేరి, లంబసింగి మీదుగా నర్సీపట్నం వైపు దిగటం. 516ఇ జాతీయ రహదారి చాలా వరకు ఈ దారే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసింది. అప్పటికి తారు రోడ్డు ఊసే లేని ఆ దూరాన్ని కాలినడకన మూడు రోజుల్లో ఎలా దాటారో ఈ కొండలు ఎక్కుతున్నప్పుడు కొంత అర్థమవుతుంది. ఈ రహదారి మీద విస్తరణ పనులు భాగాలు భాగాలుగా సాగుతూ వచ్చాయి కనుక, బయలుదేరే ముందు ఆ వైపు బస్సు నడిపేవారినో, లారీ డ్రైవర్లనో అడిగి రోడ్డు సంగతి తెలుసుకోవటం మంచిది. కంకర పరిచిన భాగంలో 25 మిల్లీమీటర్ల టైరు నిలవదు. 32 అయితే నయం. రెండు రోజులు, ఒక బస పెట్టుకోకుండా దీన్ని తలపెట్టవద్దు.

అరకు, పాడేరు

అరకు ఘాటీ అందం గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. శృంగవరపుకోట దాటి బొద్దవర నుంచి ఎక్కుడు మొదలై, అనంతగిరి కాఫీ తోటల మీదుగా గాలికొండ దాకా పైకి వెళ్లి, అరకు లోయలోకి దిగుతుంది. ఎక్కుడు పొడవు ఎక్కువ, మధ్యలో టీ కొట్లు, టిఫిను దొరికే చోట్లు కూడా ఎక్కువే. ఒంటరిగా వెళ్లేవారికి ఇది మారేడుమిల్లికంటే సురక్షితం. అయితే డెల్టా నుంచి ముందు విశాఖపట్నం చేరాలి, మరునాడు తొక్కాలి, అరకులో ఉండాలి, తిరిగి రావాలి. అంత సెలవు ఉన్నవారు సంకోచించనవసరం లేదు. ఒక్క ఆదివారంతో పని ముగించాలనుకునేవారు దీని జోలికి పోకపోవటమే మేలు.

పాడేరు ఘాటీ వేరే సంగతి. మాడుగుల దాటాక మోదకొండమ్మ పాదాల మీదుగా సాగే ఆ దారిలో మలుపులు బిగుతు, పక్కన లోతు ఎక్కువ. ఎక్కటం కంటే దిగటం కష్టం. మిగిలిన వాటిలో ఒకటి రెండు చేసి, దిగుడులో చేతులు వణకని స్థితికి వచ్చాకే ఆలోచించండి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

గేర్ల సైకిలు కొని ఏడాది కూడా కానివారు, చదునులో అరవై కిలోమీటర్లు దాటనివారు అన్నవరంతో మొదలుపెట్టి, ఆ తర్వాత లంబసింగికి తుని మీదుగా వెళ్లాలి. అడుగు దాకా కారులో సైకిలు పెట్టుకుని వెళ్లటంలో చిన్నతనం ఏమీ లేదు. ఎక్కుడు నేర్చుకోవటానికి తాజా కాళ్లు కావాలి.

బ్రెవేలు (గడువు లోపల పూర్తి చేయవలసిన దూరపు సైకిలు ప్రయాణాలు) తొక్కేవారు, రెండు వందల కిలోమీటర్లు చేసినవారు మారేడుమిల్లి వైపు వెళ్లవచ్చు. శుక్రవారం రాత్రి రాజమహేంద్రవరంలో ఉండి, శనివారం నాలుగు గంటలకు కదిలితే ఎండ ముదరకముందే మారేడుమిల్లి. మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం వెలుగుండగా ఘాటీలో కొద్ది దూరం. ఆదివారం తెల్లవారగానే తిరుగు ప్రయాణం. ఇలా చేస్తే సముద్రపు గాలి లేచేలోపు గోకవరం దాటవచ్చు. భీమవరం, అమలాపురంవారు ఇంటి దాకా తొక్కాలన్న పట్టుదలకు పోకుండా రాజమహేంద్రవరంలో బస్సు ఎక్కటం మంచిది.

యాభై దాటినవారు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు వెనుక 34 పళ్లకు తక్కువ లేకుండా చూసుకుని లంబసింగినే ఎంచుకోవాలి. ఏకరీతి వాలు మోకాలిని అంతగా ఇబ్బంది పెట్టదు. మారేడుమిల్లి, చింతూరు మధ్య మాటిమాటికీ మారే వాలు పెడుతుంది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుడిని అడిగాకే వెళ్లాలి. గుంపుగా వెళ్లేవారు బలహీనుడి గేరును బట్టి దారి ఎంచుకోవాలి. అందులో ఒక్కరి దగ్గర 39కి 25 సైకిలు ఉన్నా, ముందు ఆ క్యాసెట్ మార్పించండి, లేదా ఆ నెలకు అన్నవరంతో సరిపెట్టుకోండి.